కాన్పుకూ కాన్పుకూ నడుమ

పుట్టిన పిల్లను చేతిలో పెట్టినప్పుడు లచ్చవ్వకు బరువే తెలియలేదు. ఉత్త గుడ్డలిచ్చారేమో అనుకుంది. మడతలు తప్పించి చూస్తే లోపల ఎర్రటి మొహం ఒకటి ముడుచుకుని ఉంది. ఏడుపు కూడా పిల్లికూన మూలిగినట్టుంది. నెలలు నిండకముందే వచ్చేసిందనీ, బరువు బాగా తక్కువనీ చెప్పి నర్సు పక్క మంచానికి వెళ్లిపోయింది.

అది జగిత్యాల ఆస్పత్రిలో కాన్పుల వార్డు. లచ్చవ్వ కూతురు నీల గోడవైపు తిరిగి పడుకుంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. లచ్చవ్వది సిరిసిల్ల. నీలను కోరుట్లలో మిషన్ కుట్టే పెంటయ్యకిచ్చారు. మొదటి కాన్పు సిరిసిల్లలోనే అయింది. కొడుకు పుట్టాడు. మూడో నెలలో అత్తగారింటికి వెళ్లిన నీల, బాలింత ఒళ్లు ఇంకా గట్టిపడకముందే మళ్లీ నీళ్లు పోసుకుంది. ఇప్పుడు వార్డు బయట అరుగు మీద నీల అత్త రాజవ్వ ఒళ్లో కూర్చుని చిక్కిన చేతులతో బిస్కెట్ నాకుతున్నవాడు ఆ మొదటివాడే. గోడ పట్టుకుని నిలబడడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు.

"ఇదంత పోలీసోళ్లు జేసిన పని వదినె" అంది రాజవ్వ, వియ్యపురాలు పిల్లను చూపించగానే. "మా వాడకట్టుల ఎవడో అన్నలకు అన్నం పెట్టిండని ఇండ్లన్ని సోదా జేసిండ్రు. కోడలు పొయ్యి కాడ ఉన్నది. బూట్ల సప్పుడుకు అదిరిపడ్డది. గాన్నుంచే కడుపుల నొప్పి."

లచ్చవ్వకు అది నిజమే అనిపించింది. ఆ రోజుల్లో అటు అడవిలోని అన్నలు వచ్చినా, ఇటు పోలీసులు వచ్చినా గుండె దడ మొదలయ్యేది ఇళ్లల్లో ఆడవాళ్లకే. కడుపులో ఉన్నదానికి మాత్రం ఆ దడ తగలదా?

డాక్టరమ్మ వచ్చి నీల కనురెప్ప కిందికి లాగి చూసింది. పెద్దవాడి వయసు అడిగింది. ఇంకా ఏడాది నిండలేదని లచ్చవ్వ చెప్పగానే ఆమె మొహం మారిపోయింది.

"మొదటి కాన్పుల పోయిన రక్తమే ఇంకా ఊరలే. తల్లికే లేనిది కడుపుల పిల్లకు ఎక్కడి నుంచి వస్తది? దగ్గర దగ్గర కాన్పులైతే ఇట్లనే నెలలు నిండకముందే వస్తరు, పిడికెడంత వస్తరు. పెద్దోన్ని చూసిన్రా? తల్లిపాలు లేక వాడెట్ల ఎండిపోయిండో. కాన్పుకు కాన్పుకు మూడేండ్లన్న ఎడం ఉండాలె."

"పోలీసోళ్లకు భయపడినందుకు కాదా అమ్మా?" లచ్చవ్వ మెల్లగా అడిగింది.

"భయం సంగతి నేను చెప్పలేను. రక్తం లేని సంగతి పరీక్షల కనపడుతున్నది."

పిల్లను ఎలా కాపాడుకోవాలో డాక్టరమ్మే చెప్పింది. తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోవాలి, తలకు టోపీ ఉండాలి, చీర కొంగు పైనుంచి కప్పాలి. చప్పరించే శక్తి లేదు కనుక పాలు పిండి చెంచాతో చుక్క చుక్కగా పోయాలి. నీల అలిసిపోయినప్పుడు లచ్చవ్వ రవిక గుండీలు విప్పి తన గుండెల మీద పడుకోబెట్టుకునేది. ఎండిన రొమ్ముల మధ్య ఆ పిల్ల ఊపిరి ఒక్కోసారి ఆగినట్టయ్యేది. లచ్చవ్వ తన ఊపిరి కూడా బిగబట్టి, పిల్ల మళ్లీ కదిలాకే వదిలేది.

అలా పడుకుని ఉన్నప్పుడే ఆమె ఆలోచనలు తన కాన్పుల మీదికి పోయాయి. అన్నాళ్లూ వాటిని వరసగా పెట్టి చూసుకున్నది లేదు. ఆరుగురిని కన్నది. ముగ్గురు దక్కారు. మిగిలిన ముగ్గురినీ అమ్మవారు తీసుకుపోయిందని అత్త చెప్పింది, తానూ నమ్మింది. మొదటివాడు ఉన్నాడు, ఇప్పుడు భీవండిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. వాడి వెనకే పుట్టినవాడు, వాడి వెనకే పుట్టినది ఇద్దరూ పోయారు. ఆ తర్వాత భర్త బాలయ్య పని వెతుక్కుంటూ భీవండి వెళ్లాడు. అతను వచ్చాక పుట్టిన నీల బతికింది. నీల చంకలో ఉండగానే పుట్టిన పిల్ల పురుడు వెళ్లకముందే పోయింది. బాలయ్య మళ్లీ భీవండి వెళ్లాడు. తిరిగొచ్చాక పుట్టిన చిన్నోడు గుండులా ఉన్నాడు.

మొగుడు ఇంట్లో లేని కాలాన్నంతా ఆమె కష్టకాలం అనుకుంది. అతను తొందరగా రావాలని మొక్కిన మొక్కులకు లెక్కలేదు. బతికినవాళ్లు ఆ మొక్కుల వల్లే బతికారనుకుంది. అతను దూరంగా ఉండడం వల్లే బతికారని ఈ డాక్టరమ్మ మాటకు అర్థమా? అలాగైతే చచ్చినవాళ్లకు కారణమెవరు?

అక్కడితో తెగిందా అంటే తెగలేదు. రెండోవాడు నెలల పిల్లాడప్పుడు ఒంటినిండా అమ్మవారు పోసి పోయాడు. దానికీ ఎడానికీ సంబంధమేంటి? పక్కింటి పోశవ్వ ఏడాదికొకరిని కన్నది. అందరూ సాంచెల కాడ దున్నల్లా పని చేస్తున్నారు. లచ్చవ్వ ఒకవైపు నుంచి లెక్క వేస్తే డాక్టరమ్మ మాట నిజమయ్యేది, ఇంకోవైపు నుంచి వేస్తే అబద్ధమయ్యేది.

ఆస్పత్రి నుంచి పంపించే రోజు ఉండబట్టలేక ఆ మాటే అడిగేసింది. "మా పక్కింటామె ఏటా కన్నది డాక్టరమ్మా. అందరు బతికిండ్రు గదా?"

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "కండ్లు మూసుకొని రోడ్డు దాటినోళ్లందరు లారీ కింద పడరు. అట్లని నీ బిడ్డను కండ్లు మూసుకొని దాటమంటవా?"

ఈ మాట మాత్రం లచ్చవ్వ లోపల ఉండిపోయింది. నీలనూ ఇద్దరు పిల్లలనూ కోరుట్ల బస్సు ఎక్కించలేదు. నేరుగా సిరిసిల్లకు తీసుకొచ్చింది. బలహీనంగా ఉన్న బాలింత తల్లిగారింటికి పోవడంలో ఎవరికీ తప్పు కనిపించలేదు. పెంటయ్యే బస్సులో సీటు పట్టి, పసిపిల్ల మొహానికి గాలి తగలకుండా కిటికీకి తన తువ్వాల అడ్డం కట్టి దిగాడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, బాలయ్య మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు లచ్చవ్వ మాట కదిపింది. అతని తల మీద, కనుబొమ్మల మీద దూది నలక తెల్లగా పట్టి ఉంది.

"పెద్దోడు గాక, నువ్వు భీవండి పోయొచ్చినంక పుట్టినోళ్లే మనకు దక్కిండ్రు. ఎన్నడన్న సోంచాయించినవా?"

బాలయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "అంటె నేను ఇంట్ల ఉండుడే తప్పంటవా?"

"గట్ల గాదు."

"మరెట్ల?"

"నాకు గూడ సమజ్ అయితలేదు."

అతను చేయి కడుక్కున్నాడు. సాంచెలకు పోయే వేళ అయినా పోకుండా గడప మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. అనకుండా ఉండాల్సిందని లచ్చవ్వకు అనిపించింది. పోయిన పిల్లల్లో ఆఖరిదాన్ని గుడ్డలో చుట్టి మానేరు ఒడ్డుకు తీసుకుపోయింది అతనే. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అప్పటి నుంచి లచ్చవ్వ ఎవరితోనూ ఆ లెక్క చెప్పలేదు. తన మనసులో మాత్రం ఒకటి గట్టిగా అనుకుంది. ఏది నిజమైనా కానీ, పెద్దవాడు పరుగెత్తే దాకా, పసిది అన్నం తినే దాకా నీలను కోరుట్లకు తోలేది లేదు. ఎందుకు తోలడం లేదో అల్లుడికి చెప్పడం ఎలా? అల్లుడి ముందు తలమీద కొంగు లేకుండా నిలబడని మనిషి, ఈ మాట ఏ నోటితో అంటుంది?

ఏమీ చెప్పకుండా సాకులు వెతికింది. సాకులకు ఆ కాలంలో కరువు లేదు. పెంటయ్య మొదటిసారి వచ్చినప్పుడు అన్నల బంద్ పిలుపు ఉంది. పసిపిల్లతో దారిలో ఇరుక్కుంటే ఎట్లా అంది. రెండోసారి వచ్చినప్పుడు రుద్రంగి దగ్గర ఎవరో బస్సు కాలబెట్టారని చెప్పింది. అది నిజమే కానీ జరిగి చాలా రోజులైంది. ఆ తర్వాత ఆషాఢం వచ్చింది, ఆ నెలంతా అత్తా అల్లుడూ ఒక గడప తొక్కకూడదు కనుక లచ్చవ్వకు పని తేలికైంది. ఆషాఢం పోయాక ఒకసారి శుక్రవారం వచ్చాడు. శుక్రవారం బిడ్డను ఎట్లా తోలుతామంది. ఇంకోసారి అడవి పక్క ఊళ్లల్లో పోలీసులు గాలిస్తున్నారని, బస్సుల్లోంచి పడుచువాళ్లను దింపుతున్నారని చెప్పి, "నువ్వు గూడ తొందరగ పో అల్లుడా, పొద్దుగూకకముందే ఇల్లు జేరు" అని అతన్నే వెళ్లగొట్టింది.

పెంటయ్య నెమ్మది మనిషి. వచ్చినప్పుడల్లా పిల్లలకు ఏదో కుట్టి తెచ్చేవాడు. పసిదానికి మెత్తటి గుడ్డతో అంగీలు, పెద్దవాడికి జేబులున్న లాగులు. అత్త చెప్పిన ప్రతి సాకూ విని తల ఊపేవాడు. పోయేముందు నీల వైపు ఒకసారి చూసేవాడు. నీల పిల్లను సరిచేసుకుంటున్నట్టు తల వంచుకునేది. ఆ తల వంచడం చూసి లచ్చవ్వ, కూతురికీ పోవాలని లేదేమో అనుకునేది. ఒక్కోసారి, పోవాలని ఉండి తనకు భయపడుతుందేమో అనుకునేది. అడిగితే "నీ ఇష్టం అవ్వా" అనేది నీల.

పిల్లలిద్దరూ మెల్లగా కోలుకున్నారు. పసిదాని బుగ్గలు నిండాయి. పెద్దవాడు తలుపు చాటు నుంచి తలుపు చాటుకు పరుగెత్తడం మొదలుపెట్టాడు. అప్పుడు లచ్చవ్వ తాను పెట్టిన గడువును తానే జరిపింది. ఇంకో రెండు నెలలు చూద్దామనుకుంది.

అలా ఉండగా ఒకరోజు కొమురయ్య వచ్చాడు. చందుర్తి పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే పెంటయ్య మేనమామ అతను. నీళ్లు ఇస్తే తాగలేదు.

"సక్కని పిలగాడు. మొగడు పెండ్లాలను ఎడబాపుతున్రని వాడు లోపల్లోపల కుమిలిపోతున్నడు" అన్నాడు. "మా అక్క రాజవ్వ రోజు ఏడుస్తున్నది. గందుకే అన్నల సంగంల చెప్పిన. ఎల్లన్న పంచాయితి పెడుత అన్నడు. రేపు పొద్దువాలే యాళ్లకు మా ఊరికి రాండ్రి. బిడ్డను గూడ తీస్కరాండ్రి."

ఎల్లన్న పేరు ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆ ప్రాంతంలో తిరిగే దళానికి అతనే పెద్ద. పొలం గట్లు, కూలి రేట్లు, మొగుడూ పెళ్లాల తగాదాలు అన్నీ అతని ముందే తెగుతుండేవి. రమ్మంటే పోకుండా ఉండడం కుదరదు. పోయినట్టు తెలిస్తే పోలీసులు ఊరుకోరు. బాలయ్య ఆ సాయంత్రమంతా ఇంట్లోనే అటూ ఇటూ తిరిగాడు. "కాన్పయిన బిడ్డను నెల తిరుగంగనె తోలాలె గద. గిదేం లొల్లి తెచ్చిపెట్టినవ్" అన్నాడు. లచ్చవ్వ ఎదురు చెప్పలేదు. తప్పు తనదో కాదో ఆమెకే తెలియడం లేదు.

పెద్దవాడిని పోశవ్వ దగ్గర వదిలి, పసిదాన్ని చంకనేసుకుని మర్నాడు ముగ్గురూ బస్సెక్కారు. చందుర్తిలో దిగి నడుచుకుంటూ పోయారు. మక్కజొన్న చేన్ల మధ్య మోటరు బాయి దగ్గర పదిమంది దాకా జనం కూర్చుని ఉన్నారు. పెంటయ్య ఓ పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అత్తను చూసి లేచి నిలబడ్డాడు.

ఎల్లన్న అంటే లచ్చవ్వ పెద్ద మీసాల మనిషిని ఊహించుకుంది. చూస్తే ఆమె పెద్దకొడుకు వయసు వాడు. పడిశం పట్టినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. తుపాకీ పక్కన గట్టుకు ఆనించి ఉంది. అతని వెనకాల జడ పైకి చుట్టుకున్న ఆడమనిషి ఒకామె, ఆమె భుజానికీ తుపాకీ.

"కూసో అవ్వా" అన్నాడు ఎల్లన్న. "నీ అల్లుడు బిడ్డను కొట్టిండా?"

"లేదన్నా."

"తాగుతడా?"

"గట్లేం లేదు."

"అత్త సతాయించిందా? తిండి పెట్టలేదా?"

"పెట్టింది. ఆమె మంచిదే."

"మరి ఎందుకు తోలుతలేవు?"

దారి పొడుగునా లచ్చవ్వ బంద్ గురించి, బస్సుల గురించి చెప్పాలనుకుంది. ఆ బంద్‌లు పిలిచినవాళ్ల ముందే ఆ సాకు చెప్పడానికి నాలుక రాలేదు.

"అల్లుడంటె భయమై" అంది చివరికి.

ఎల్లన్న పెంటయ్య వైపు తిరిగాడు. "ఏం బెదిరించినవ్ ముసలామెను?"

పెంటయ్య అయోమయంగా చూశాడు. "నేనేమన్న అన్నా?"

"అల్లుడేం బెదిరియ్యలే" అంది లచ్చవ్వ కంగారుగా. "భయమంటె గా భయం గాదు. ఇద్దరు ఒక్కతాన ఉంటె మళ్ల కడుపైతది. మళ్లయితె పిల్ల బతుకది. ఇగో గీ పిల్లను జూడు, నా చేతుల పెడితె గుడ్డలే అనుకున్న. ఎడం ఉండాలెనని జగిత్యాల డాక్టరమ్మ చెప్పింది. నిజమో కాదో నాకు తెల్వదు. నేను కన్నోళ్లల్ల దగ్గర దగ్గర పుట్టినోళ్లు పోయిండ్రు. మా పోశవ్వకు దగ్గర దగ్గర పుట్టినోళ్లు ఉన్నరు. నాకేం సమజ్ అయితలేదు. సమజ్ అయ్యేదాక బిడ్డను నా దగ్గర పెట్టుకున్న."

అన్నాక తానేం అన్నదో తెలిసి కొంగు మొహం మీదికి లాక్కుంది. ఎవరో దగ్గారు. "గిది పంచాయితిల చెప్పే ముచ్చటేనా" అని కొమురయ్య గొణిగాడు.

ఎల్లన్న ముక్కు తుడుచుకున్నాడు. వెనకాలామె వైపు చూశాడు. ఆమె ఇతని వైపు చూడకుండా నీల వైపు చూస్తోంది. "పొలం గట్ల జగడానికయితె ఏమన్న చెప్పొచ్చు" అన్నాడతను తనలో తాను అనుకుంటున్నట్టు. "దీంట్ల ఎవలది తప్పని చెప్పాలె? నువ్వేమంటవ్ పెంటయ్యా?"

పెంటయ్య అత్త వైపే తిరిగి మాట్లాడాడు.

"నాకు పెంటయ్య అని పేరెందుకు పెట్టిండ్రో తెలుసా అత్తా? నా ముందల ముగ్గురు పుట్టి పోయిండ్రట. నేనన్న దక్కాలెనని పుట్టంగనె పెంటకుప్ప మీద ఏసి తెచ్చుకున్నరు. నాకు భయం ఉండదా? నా పిల్ల గా గుడ్డల ఉన్నప్పుడు నేను బయటికి పోయి ఏడ్చిన. డాక్టరమ్మ గిట్ల చెప్పిందని నాకెవలు చెప్పిండ్రు? నువ్వు బంద్ అన్నవ్, శుక్రవారం అన్నవ్. నేను మీకు నచ్చలేదేమో, మిషన్ కుట్టెటోడని చిన్నగ చూస్తున్నరేమో అనుకున్న. చెప్తె నేను విననా?"

ఇన్నాళ్లూ లచ్చవ్వ ఈ మాట అల్లుడికి చెప్పడం ఎలాగా అనే ఆలోచించింది. చెప్తే వింటాడన్న ఆలోచనే రాలేదు. తన కాలంలో వినే మగవాళ్లుండేవారా? బాలయ్యకు ఎవరైనా చెప్పి ఉంటే వినేవాడా? ఆమె మొగుడి వైపు చూసింది. అతను మక్కచేను వైపు చూస్తున్నాడు.

వెనకాలామె ముందుకొచ్చి నీల భుజం మీద చెయ్యి వేసింది. "రా చెల్లె" అని బాయి అవతలికి తీసుకుపోయింది. వాళ్లేం మాట్లాడుకున్నారో ఇవతలికి వినపడలేదు. నీల ఒకసారి నవ్వినట్టు మాత్రం అనిపించింది. తిరిగొచ్చాక ఆమె ఎల్లన్న చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఎల్లన్న మొహం తేలికపడింది.

"ఆమె పోతదట. ఇబ్బందేం లేదట. అయిపోయింది, లేవుండ్రి" అన్నాడు. లేస్తూ లచ్చవ్వతో, "ఇంక ముందల అల్లుని తోని మాట్లాడు అవ్వా. మాతోని గాదు" అన్నాడు.

ఇబ్బంది లేదంటే ఏమిటో లచ్చవ్వకు అర్థం కాలేదు. వీళ్లూ తన మాట కొట్టేశారా? తుపాకులున్నవాళ్లను మళ్లీ అడిగే ధైర్యం లేదు. మొగవాళ్లు ముందు నడుస్తుంటే తల్లీకూతుళ్లు వెనక నడిచారు. ముందు పెంటయ్య భుజం మీద పసిది తల వాల్చి నిద్రపోతోంది.

"అవ్వా, నేను లూప్ ఏయించుకున్న" అంది నీల.

లచ్చవ్వ నడక ఆపేసింది. "ఎప్పుడు?"

"పసిదానికి సూది ఏయించెటందుకు దవాఖానకు పోయిన చూడు, గప్పుడు. ఇంక కొన్నేండ్లు కడుపు గాకుండ ఉంటది, మల్ల కావాల్నంటె తీసేస్తం అని నర్సమ్మ చెప్పింది. సరే అన్న."

"మొగనికి చెప్పినవా?"

"ఇప్పుడు చెప్పిన. పిల్లను అందుకున్నప్పుడు. మంచి పని చేసినవ్ అన్నడు."

"నాకెందుకు చెప్పలేదే మరి? నేను బంద్ అనుకుంట, బస్సు అనుకుంట నోటికచ్చిన అబద్ధాలాడితిని. అన్నల కాడ ఇజ్జతి తీసుకుంటిని. పోవుడు నీకు ఇష్టం లేక ఉన్నవా?"

నీల చెప్పడానికి మొహమాటపడింది. "నిద్ర కోసం అవ్వా" అంది. "ఆడికి పోతె ఇద్దరు పోరగాండ్లు, పొయ్యి, బీడీలు. నీ దగ్గరుంటె పొద్దుందాక నువ్వు ఎత్తుకుంటవు, నేను పండుకుంటున్న. నువ్వు తోలనంటున్నవ్ గద, ఇంకొన్నొద్దులు పండుకుంట అనుకున్న. గింతదాక వస్తదని నాకేం ఎరుక."

లచ్చవ్వకు కోపం రావాలి. వచ్చిందో లేదో తెలియలేదు. నవ్వు కూడా వచ్చేలా ఉంది. రెండూ రాక కొంగు సరిచేసుకుని మళ్లీ నడక మొదలుపెట్టింది. పోయిన రక్తం ఊరాలని డాక్టరమ్మ అన్నది, కూతురు ఇన్నాళ్లూ చేసింది అదే కదా. తాను కూతురిని ఆపింది ఒకందుకు, అది ఉండిపోయింది ఇంకొకందుకు. రెండింట్లో పని చేసింది ఏదో?

వారం తిరగకుండా నీల పిల్లలతో కోరుట్లకు వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్ని రోజులు వీధిలో జీపు చప్పుడైతే చాలు బాలయ్య తినే కంచం ముందు నుంచి లేచి నిలబడేవాడు. ఎవరూ రాలేదు. చందుర్తి పంచాయితీ సంగతి పోలీసులకు చేరలేదో, చేరినా దాంట్లో రాసుకోవడానికేం దొరకలేదో.

పసిదానికి ఏడాది వెళ్లాక లచ్చవ్వ కోరుట్ల వెళ్లింది. పిల్ల ఇంకా నడవడం లేదు, దేకుతోంది. వాన పడితే రొమ్ము పట్టేస్తుందని, ఆస్పత్రికి తిప్పుతున్నామని రాజవ్వ చెప్పింది. చూపు మాత్రం చురుకు. రాజవ్వ బీడీలు చుట్టే చేట దగ్గరికి దేక్కుంటూ వచ్చి, ఆకు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఇద్దరు ముసలివాళ్లూ ఒకేసారి చేయి చాపారు.

నీల లోపల వంట చేస్తోంది. రాజవ్వ చేటలోని ఆకులు సర్దుతూ గొంతు తగ్గించింది.

"వదినె, పెంటనికి ముందల పోయిన ముగ్గురు ఏడాదికొకలు పుట్టిండ్రు. వాడు మాత్రం ఆగి పుట్టిండు. ఆ నడుమ నాకు చలిజరం వచ్చి మంచాన పడ్డ. గప్పుడు పుట్టింటోళ్లు తీస్కపోయి చాన దినాలు పెట్టుకున్నరు. పెంట మీద ఏసినందుకే బతికిండని గిన్నేండ్లు అనుకున్న. నువ్వు అన్నల కాడ చెప్పిన ముచ్చట తమ్ముడు చెప్పంగ విన్నకాన్నుంచి, జరం వచ్చినందుకు బతికిండా అనిపిస్తున్నది."

"నాకు గూడ గట్లనే అనిపిస్తది వదినె. మళ్ల ఒకపారి కాదనిపిస్తది."

"మనకు అప్పుడే ఎవలన్న చెప్తె మంచిగుండు."

"చెప్తె మనం ఇంటుంటిమా? మన అత్తలు ఇననిద్దురా?"

రాజవ్వ చేట పక్కకు జరిపింది. పిల్లను ఒళ్లోకి తీసుకుని, మళ్లీ నోట్లో పెట్టుకున్న ఆకు ముక్క వేలితో బయటికి తీసింది. "మా బిడ్డ మల్యాలల ఉన్నది గద" అంది. "దాని పిలగానికి ఆర్నెల్లు లేవు. మొన్న జూసిన, బిడ్డ రక్తం లేకుండ పాలిపోయి ఉన్నది, మళ్ల కడుపైతె ఎట్ల? ఆమె అత్త గయ్యాళిది. నేను చెప్తె బిడ్డ తల్లిని గదా అని నామీదికే వస్తది. నువ్వు ఒకపారి వచ్చి చెప్పరాదు వదినె. నువ్వు తుపాకులోళ్ల ముందటనే చెప్పినదానివి."

"నాకేం తెలుసు వదినె? నాకే ఇంకా..."

"నువ్వు వచ్చి కూసో. తెల్సిందె చెప్పు."

మర్నాడు పొద్దున ఇద్దరూ జగిత్యాల బస్సెక్కారు. అక్కడ దిగి మల్యాల బస్సు పట్టుకోవాలి. రాజవ్వ కిటికీ పక్కన కూర్చుని కునుకు తీసింది. లచ్చవ్వ మనసులో మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చెప్పిన రక్తం సంగతితో మొదలుపెడదామనుకుంది. లేదు, ముందు పసిదాని సంగతి చెప్పాలి. ఆ గయ్యాళి ఆమె, ఏటా కన్నా బతికినవాళ్లు లేరా అని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి? రోడ్డు దాటే మాట చెప్తే సరిపోతుందా? తన పిల్లలు ముగ్గురు పోయిన సంగతి చెప్పాలా? చెప్తే ఆ ముగ్గురూ ఎందుకు పోయారంటే ఏమనాలి?

బస్సు జగిత్యాల చేరేసరికి ఒక్క వాక్యం కూడా కుదరలేదు. లచ్చవ్వ రాజవ్వను తట్టి లేపింది. మల్యాల బస్సు ఎటు ఆగుతుందో అడుగుతూ ముందు తానే నడిచింది.